విత్తు ఎవరి చేతిలో? నష్టం ఎవరి నెత్తిన?

తొలకరి పడిందంటే మన పల్లె విచారణల్లో మాటలన్నీ విత్తనాల చుట్టూనే తిరుగుతాయి. ఏ ప్యాకెట్టు దొరుకుతోంది, ఎవరి చేలో మొలక రాలేదు, ఎవరు అప్పు ఇస్తారు అన్నవే ఆ రోజుల్లో ముచ్చట్లు. వాటి నడుమ గురువులను, ఉపదేశులను కొందరు అడిగే ప్రశ్న ఒకటుంది. "జన్యుమార్పిడి విత్తనం వేయడమంటే దేవుని సృష్టిలో చేయి పెట్టడం కాదా? క్రైస్తవుడు వేయవచ్చా?" ఇది తేలికగా తోసివేయదగిన ప్రశ్న కాదు. అయితే దానికి సమాధానం వెతుకుతూ పోతే దాని వెనుక మరో పెద్ద ప్రశ్న ఎదురవుతుంది. ఈ వారం ఆ రెండింటినీ కలిపి ఆలోచిద్దాం.

ముందుగా సంగతి ఏమిటో తెలుసుకుందాం. మట్టిలో సహజంగా బతికే ఒక సూక్ష్మజీవి ఉంది. కాయతొలుచు పురుగు కడుపులోకి వెళితే దాన్ని చంపే ఒక పదార్థాన్ని ఆ జీవి తయారుచేస్తుంది. అలా తయారుచేయించే జన్యువును తీసి పత్తి మొక్కలో చేర్చారు. దాంతో పురుగును చంపే శక్తి మొక్కకే వచ్చింది. సూక్ష్మజీవి శాస్త్రీయ నామంలోని రెండు పొడి అక్షరాలను బట్టి దానికి బీటీ పత్తి అని పేరు వచ్చింది. మన దేశంలో దీని సాగుకు 2002 మార్చిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. నేడు దేశంలోని పత్తి చేలల్లో నూటికి తొంభై పాళ్లకు పైగా ఇదే. ఆహార పంటల సంగతి వేరు. బీటీ వంకాయ మీద హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు జరిపిన తరువాత 2010 ఫిబ్రవరి 9న కేంద్రమంత్రి జైరాం రమేశ్ దాన్ని నిలిపివేశారు. జన్యుమార్పిడి ఆవాలకు 2022 అక్టోబరులో ఇచ్చిన అనుమతిపై సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు 2024 జులైలో భిన్నమైన తీర్పులు చెప్పారు. అయితే ఈ పంటల విషయంలో దేశానికి ఒక జాతీయ విధానం ఉండాలని ఇద్దరూ అన్నారు.

చేయి పెట్టడం తప్పా?

ఆదికాండము రెండవ అధ్యాయంలో దేవుడు మానవుని తోటలో ఉంచింది ఊరక కూర్చోబెట్టడానికి కాదు. దాన్ని సాగు చేయమన్నాడు, కాపాడమన్నాడు. సాగు చేయడమంటేనే సృష్టిలో చేయి పెట్టడం. అడవి గడ్డిని వరిగా మార్చుకున్నది మన పూర్వులే. బాపట్ల పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు రకాలను సంకరపరచి 1986లో మనకు అందించిన సాంబ మసూరిని ఈనాటికీ కళ్లకద్దుకుని తింటున్నాం. కనుక మానవుడు మొక్కను మార్చాడన్న ఒక్క కారణంతో అది పాపమని శ్రీసభ బోధించలేదు. ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో వెలువరించిన విశ్వలేఖ "లౌదాతో సీ"లో ఈ విషయాన్ని ఎంతో జాగ్రత్తగా తూచారు. జన్యుమార్పిడి ధాన్యాల వల్ల మనిషికి హాని ఉందని తిరుగులేని రుజువు లేదని ఒప్పుకుంటూనే, ఈ పంటలు వచ్చిన అనేక చోట్ల భూమి కొద్దిమంది చేతుల్లోకి చేరుతున్నదని, చిన్న రైతులు కనుమరుగై కూలీలుగా మారుతున్నారని హెచ్చరించారు. ఇంకా ముందు, 2000 నవంబరులో, మహా జూబిలీ సందర్భంగా వ్యవసాయదారులతో మాట్లాడిన రెండవ జాన్ పాల్ జగద్గురువులు తక్షణ లాభాన్ని మాత్రమే చూసి ఇటువంటి విద్యలను కొలవరాదని, కఠినమైన శాస్త్రపరీక్షకూ నీతిపరీక్షకూ నిలబెట్టాలని కోరారు.

అంటే మొదటి ప్రశ్నకు జవాబు ఇది: జన్యువు తనంత తాను పాపమూ కాదు, పుణ్యమూ కాదు. ఇక్కడితో ఆగితే మాత్రం చిన్న రైతుకు అన్యాయం చేసినవారమవుతాం.

రెండు గొంతుకలు

ఈ చర్చలో రెండు గొంతుకలు బిగ్గరగా వినిపిస్తాయి. ఒకటి, ఈ విత్తనాలే రైతులను చంపుతున్నాయని అంటుంది. మరొకటి, వీటిని అడ్డుకునేవారే పేదవాని నోటికాడి కూడు లాగేస్తున్నారని అంటుంది. ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధసాక్ష్యం పలకవద్దంటుంది కదా. పేదవాని పక్షాన మాట్లాడుతున్నామని చెప్పి ఆ ఆజ్ఞ నుంచి మనం మినహాయింపు కోరలేము.

నిజం చెప్పుకుందాం. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతును 1987-88లో తెల్లదోమ దెబ్బతీసింది. 1997-98లో వరంగల్ ప్రాంతంలో లద్దెపురుగు చేలను ఊడ్చేసినప్పుడు మందులు పని చేయక, అప్పులు తీరక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పటికి మన దేశంలో బీటీ పత్తి సాగే లేదు. ఆ కన్నీటికి జన్యువు కారణం కాదు. కల్తీ మందులు, వడ్డీ వ్యాపారం, నీటి కొరత, పడిపోయిన ధర, ఇవన్నీ కారణాలు. 1998లో ఊరూరా భయపెట్టిన "మొలకెత్తని విత్తనం" సంగతీ ఇంతే. అది పేటెంటు కాగితంలో ఉన్న మాట నిజమే కాని, ఏ దేశపు అంగడికీ రాలేదు. మన 2001 నాటి విత్తన చట్టం దాన్ని నిషేధించింది కూడా.

ఇంకొక నిజం. బీటీ పత్తి వచ్చిన తొలి సంవత్సరాల్లో కాయతొలుచు పురుగుకు కొట్టే పిచికారీలు తగ్గాయి. వీపున పంపు కట్టుకుని విషం పీల్చే కూలికి అది చిన్న మేలు కాదు. హెక్టారుకు సుమారు 300 కిలోలుగా ఉన్న దేశ సగటు దూది దిగుబడి 2007-08 నాటికి 550 దాకా పెరిగింది. అందులో బీటీ వాటా ఎంత, నీటి పారుదల, ఎరువుల వాటా ఎంత అన్నదానిపై శాస్త్రవేత్తల మధ్య వాదం ఉంది. మేలు జరగనే లేదని మాత్రం అనలేము.

అవతలి పక్షపు నిజాన్ని కూడా చూద్దాం. మొదట అనుమతి పొందిన మూడు రకాలు మన రాష్ట్రంలో రైతును ముంచాయి. ఆ కారణంగా 2005లో వాటిని ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకుండా కేంద్ర కమిటీయే ఆపింది. 450 గ్రాముల ప్యాకెట్టు ధర పదహారు వందలు దాటి పలుకుతుంటే రాష్ట్ర ప్రభుత్వం 2006లో గుత్త వ్యాపార పద్ధతుల కమిషన్ ముందుకు వెళ్లింది. అప్పుడే ధర 750 రూపాయలకు దిగివచ్చింది. అంటే అంతవరకు రైతు జేబు నుంచి పోయినదంతా విత్తు విలువ కాదన్నమాట. ఇక పురుగు సంగతి. గులాబీ రంగు పురుగు ఈ మొక్కకు లొంగడం లేదని 2010లో గుజరాత్ నుంచి మొదటి కబురు వచ్చింది. రెండు జన్యువులు చేర్చిన రకాన్ని కూడా అది కొన్నేళ్లకే తట్టుకుంది. మన చేలల్లోనూ అదే జరిగింది. మళ్లీ మందుల దుకాణాల ముందు వరుసలు కట్టక తప్పలేదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ పలువురు రైతులు, కూలీలు విషం తగిలి మరణించారు.

చేని అంచు

పురుగు ఎందుకు లొంగలేదు? ఇక్కడే మన నీతి ప్రశ్న దాగి ఉంది, కాస్త ఓపికగా వినండి.

బీటీ చేను చుట్టూ అయిదు వరుసలు గాని, చేనులో అయిదో వంతు గాని, ఏది ఎక్కువైతే అంత మేర మామూలు పత్తి వేయాలని అనుమతిలోనే నియమం పెట్టారు. ఆ మామూలు మొక్కల మీద విషానికి అలవాటుపడని పురుగులు బతుకుతాయి. విషాన్ని తట్టుకున్న పురుగులతో అవి జతకడితే తట్టుకునే గుణం పలచబడుతుంది. శాస్త్రం చక్కగానే ఉంది. అందుకోసమే ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనాల సంచిని ఇచ్చేవారు. అయితే మన దేశంలో నూటికి 86 కమతాలు అయిదెకరాల లోపువే. రెండెకరాలు కౌలుకు తీసుకుని, ముందే కౌలు డబ్బు కట్టిన రైతు అందులో అయిదో వంతు పురుగుకు ధారపోయగలడా? చాలామంది ఆ చిన్న సంచిని పక్కన పడేశారు. అవివేకంతో పడేశారా? పిల్లల ఫీజు, కౌలు, వడ్డీ లెక్కవేసుకుని పడేశారు.

లేవీయకాండములో దేవుడు పొలం అంచుల వరకు కోయవద్దని, రాలిన పరిగెను ఏరుకోవద్దని, దాన్ని పేదవారికి, పరదేశికి విడిచిపెట్టమని ఆజ్ఞాపించాడు. రూతు బోవజు పొలంలో పరిగె ఏరుకున్నది ఆ ఆజ్ఞ నీడలోనే. ఆ ఆజ్ఞ ఎవరికి ఇచ్చాడో గమనించండి. అంచు విడువగలిగినంత పొలం ఉన్నవానికి ఇచ్చాడు. మన కాలపు నియమం మాత్రం అంచు విడువమని రెండెకరాలవానినీ, రెండు వందల ఎకరాలవానినీ ఒకే తీరున అడిగింది. పేద రైతు పొలమంతా అంచే! దానిలో మళ్లీ అంచు ఎక్కడిది? నియమం పెద్ద కమతాన్ని చూసి రాశారు, దాని బరువు చిన్న కమతం మీద పడింది, తప్పి పోయినప్పుడు నింద మాత్రం రైతు మీద వేశారు.

ప్రియ పాఠకులారా, అసలు ప్రశ్న ఇదే. ఒక కొత్త విద్య వచ్చినప్పుడు అందులో కొంత తెలిసినది, కొంత తెలియనిది ఉంటుంది. ఆ తెలియనిదాని బరువును ఎవరు మోయాలి? పంట పండితే కంపెనీకి లాభం, దుకాణదారుకు లాభం, దళారికి లాభం, రైతుకూ కొంత లాభం. పంట పోతే కంపెనీ రుసుము ముందే వసూలయ్యింది, దుకాణం బాకీ వడ్డీతో సహా నిలిచే ఉంది. నష్టమంతా ఒక్క రైతు ఇంటి గడపలోనే దిగుతుంది. లాభంలో పదిమంది పాలివారు, నష్టంలో ఒక్కడే పాలివాడు. పొత్తు సేద్యం చేసేవారు కూడా ఇటువంటి ఒప్పందాన్ని అంగీకరించరు. న్యాయమనే సద్గుణం దీనిని అంగీకరిస్తుందా?

గింజ మీద హక్కు

"ప్రతి ఏటా విత్తనం కొనవలసి వస్తోంది, అంతా జన్యువు వల్లనే" అని కొందరు అంటారు. ఇది సగం నిజం. మన దేశంలో బీటీ పత్తి దాదాపు అంతా సంకర విత్తనం. సంకర విత్తనం గింజను దాచి మరుసటి ఏడు వేస్తే పంట ఒకే తీరుగా రాదు. ప్రపంచంలో మొదటి సంకర పత్తి 1970లో గుజరాత్‌లోనే పుట్టింది. అప్పటికి జన్యుమార్పిడి అన్న మాటే లేదు. పక్కనున్న బంగ్లాదేశ్‌ను చూడండి. మనం ఆపిన బీటీ వంకాయను వారు 2013లో అనుమతించారు. అక్కడ దాన్ని ప్రభుత్వ పరిశోధన సంస్థ సూటి రకాలుగా విడుదల చేసింది. రైతు గింజ దాచుకోవచ్చు, పొరుగువానికి ఇవ్వవచ్చు. అది మంచి పంటా కాదా అన్నది వేరే చర్చ. ఒకే జన్యువు ఒకచోట రైతును అంగడికి కట్టివేసింది, మరోచోట కట్టివేయలేదు. తేడా ఎవరి చేతిలో ఉందన్నదానిలో ఉంది.

భూమి మీది మేళ్లన్నీ మానవులందరి కోసం ఉద్దేశించినవని శ్రీసభ బోధిస్తుంది. సొంత ఆస్తి హక్కును శ్రీసభ కాదనదు. శ్రమించిన శాస్త్రవేత్తకు కూలి దక్కాలి, పెట్టుబడి పెట్టినవానికి ప్రతిఫలం దక్కాలి. అయితే ఆ హక్కు అందరి మేలుకు లోబడి ఉంటుంది. విత్తనం మామూలు సరుకు కాదు. వేల ఏళ్లుగా రైతులు, ముఖ్యంగా మన తల్లులు, బూడిదలో, వేపాకులో దాచి, ఏరి, పంచుకుని కాపాడిన సొత్తు అది. చివరి జన్యువును చేర్చినవానికి హక్కు ఉంటే, అంతకుముందు దాన్ని పెంచిన లక్షల చేతులకు ఏ హక్కూ లేదనడం ఎలా కుదురుతుంది? మన 2001 చట్టం రైతు తన గింజను దాచుకునే, మార్చుకునే, కంపెనీ పేరు పెట్టకుండా అమ్ముకునే హక్కును గుర్తించింది. ఆ హక్కు కాగితం మీద ఉన్నది ఎందరికి తెలుసు?

కాదనేవారి బాధ్యత

ఇంతవరకు అమ్మేవారి బాధ్యత చెప్పుకున్నాం. కాదనేవారికి కూడా బాధ్యత ఉంది. పట్నంలో చల్లని గదిలో కూర్చుని "జన్యుమార్పిడి వద్దు" అని చెప్పడం సులువు. వద్దన్నందువల్ల విషపు పిచికారీలు పెరిగితే ఆ విషం మన ఒంటి మీద పడదు. కలుపుమందును తట్టుకునే పత్తి అనుమతి లేకుండానే మన రెండు రాష్ట్రాల్లోకి పాకింది. రైతును నిందించే ముందు కారణం అడగాలి. కలుపు తీసే కూలీలు దొరకడం లేదని, దొరికినా ఇవ్వగల స్తోమత లేదని అతడు చెబుతాడు. అదే సమయంలో కలుపు కూలి మీదే బతికే స్త్రీలు మన విచారణల్లోనే ఉన్నారు. రైతు ఖర్చు తగ్గితే ఆమె పొయ్యి ఆరుతుంది. ఇక్కడ ఒకే మాటతో తేలే జవాబు లేదు. జవాబు లేనిచోట చిన్నవారి మాట మొదట వినాలన్నదే వివేకం.

అలా విన్న సందర్భం ఒకటుంది. 2001 జూన్‌లో మెదక్ జిల్లాలో "ప్రజాతీర్పు" పేరిట చిన్న రైతులే న్యాయనిర్ణేతలుగా కూర్చున్నారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు, దళితులు, గిరిజనులు. అధికారుల, శాస్త్రవేత్తల, కంపెనీ వారి వాదనలు విని, ప్రశ్నలు వేసి, జన్యుమార్పిడి పంటలు తమకు వద్దని, తమ విత్తనాలు, తమ భూమి తమ చేతిలో ఉండాలని చెప్పారు. ఆ పద్ధతి మీద విమర్శలు వచ్చాయి. తీర్పుతో మనం ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు. నష్టం మోసేవారికి నిర్ణయంలో మాట ఉండాలన్నది మాత్రం కాదనలేని న్యాయం. రైతులు, తినేవారు, శాస్త్రవేత్తలు, మందు కొట్టే చేల పక్కన నివసించేవారు అందరూ పాల్గొనే నిజాయితీగల చర్చ కావాలని "లౌదాతో సీ" కోరేది కూడా ఇదే.

ఈ చర్చ ముగిసిపోలేదు. 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాల్లో ఒకటి హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరి నుంచే తీర్చినది. అందులో బయటి జన్యువు లేదంటున్నారు. రేపు అది మన అన్నం గిన్నెలోకి రావచ్చు. అప్పుడు కూడా మనం అడగవలసిన ప్రశ్నలు ఇవే. పేద రైతు గింజ దాచుకోగలడా? రెండెకరాలవాడు పాటించగల నియమాలేనా? పంట పోతే నష్టంలో ఎవరు పాలు పంచుకుంటారు? అతణ్ణి ఎవరైనా అడిగారా? ఈ నాలుగింటికి నమ్మదగిన జవాబు ఉన్న విత్తనానికి భయపడనక్కరలేదు. జవాబు లేని విత్తనం ఎంత పెద్ద శాస్త్రం నుంచి వచ్చినా తొందరపడి తలకెత్తుకోనక్కరలేదు.

మనమేం చేయగలం?

మహా కంపెనీలను, ప్రభుత్వాలను మన విచారణ మార్చగలదా అని నిరుత్సాహపడకండి. మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. విత్తనం కొన్న ప్రతివారు రసీదు అడిగి తీసుకోవాలి, ఖాళీ ప్యాకెట్టును పంట చేతికొచ్చేదాకా దాచాలి. నష్టపరిహారానికి అవే సాక్ష్యం. చదువుకున్న మన యువకులు చదువురాని రైతుకు ఆ కాగితాలు రాసిపెట్టవచ్చు. కౌలు రైతుకు కార్డు కోసం అర్జీ పెట్టడంలో తోడు నిలవవచ్చు. విత్తనాల దుకాణం నడిపే విశ్వాసులు మన మధ్య ఉన్నారు. అనుమతి లేని సంచిని, గడువు దాటిన మందును అమ్మడం వ్యాపార కిటుకు కాదు. అది పొరుగువాని బిడ్డల నోటికాడి ముద్దను దొంగిలించడమే. పాపసంకీర్తనంలో చెప్పుకోవలసిన సంగతే. భూమి కౌలుకిచ్చే విశ్వాసులూ ఉన్నారు. పంట పోయిన ఏడు కౌలులో కొంత తగ్గించుకోవడం లేవీయకాండపు అంచు విడవడం వంటిదే. నష్టంలో పాలు పంచుకోవడం అక్కడే మొదలుకావాలి.

మే 15న మనం స్మరించే పునీత ఇసిదోరు వ్యవసాయదారులకు పాలక పునీతుడు. ఆయన స్పెయిన్ దేశంలో మాడ్రిడ్ దగ్గర జీవితాంతం పరుల పొలం దున్నిన కూలి. శ్రీసభ 1622లో ఆయనను పునీతుల వరుసలో చేర్చింది. భూమి లేని సేద్యగాడిని శ్రీసభ పీఠం మీద నిలిపిందంటే, మన ఊరి కౌలు రైతును ఏ కంటితో చూడాలో మనకు నేర్పిందన్నమాట.

మార్కు సువార్త నాలుగవ అధ్యాయంలో ప్రభువు చెప్పిన రైతు విత్తనం చల్లి నిద్రపోతాడు, లేస్తాడు. అది ఎలా పెరుగుతున్నదో అతనికి తెలియదు. ఆ మర్మం దేవునిది, దాన్ని కొంత తెలుసుకోవడం దేవుడిచ్చిన బుద్ధికి ఘనత. కాని ఆ రైతు నిద్రపోగలిగాడని మరువకండి. నేడు విత్తనం చల్లిన రైతు అప్పుల లెక్కతో తెల్లవార్లూ మేల్కొని ఉంటున్నాడు. అతనికి మళ్లీ ఆ నిద్ర దక్కేలా చూడవలసింది మనం.